సున్నా కూడా ఫలితమే: ఒక ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆప్షనల్ విలువల టైప్ కుదింపుపై కేస్ స్టడీ

హైదరాబాదులో ఇళ్లకు వెళ్లి రక్త, మూత్ర శాంపిళ్లు సేకరించి, వాటిని ఒకే సెంట్రల్ ల్యాబ్‌లో పరీక్షించి, రిపోర్టులను ఫోనుకు పంపే ఒక డయాగ్నస్టిక్ సంస్థ ఉంది. దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ పైథాన్‌లో రాసింది. మాదాపూర్‌లోని ఒక చిన్న బృందం దాన్ని నిర్వహిస్తుంది. ఆ కోడ్ మొత్తానికీ స్టాటిక్ టైప్ చెకింగ్‌ను (ప్రోగ్రామును నడపకుండానే విలువల రకాలు సరిపోతున్నాయో లేదో చూసే తనిఖీని) కఠినంగా అమలు చేసిన కొద్ది వారాలకే కొన్ని సీబీపీ (పూర్తి రక్త పరీక్ష) రిపోర్టులు కారణం తెలియకుండా ‘పెండింగ్’ దగ్గరే ఆగిపోవడం మొదలైంది. టైప్ చెకర్ ఒక్క తప్పు కూడా చూపడం లేదు, టెస్టులన్నీ పాసవుతున్నాయి, సర్వర్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఆ కోడ్‌ను పరిశీలించే పని నాకు అప్పగించారు. ఆ పరిశీలనలో బయటపడిన విషయాలు, మేము చేసిన మార్పులు ఇక్కడ రాస్తున్నాను.

సీబీపీలో తెల్లరక్తకణాల డిఫరెన్షియల్ కౌంట్ ఒక భాగం. న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్, ఇసినోఫిల్స్, మోనోసైట్స్, బేసోఫిల్స్ అనే ఐదు రకాల కణాలు ఎంతెంత శాతం ఉన్నాయో అందులో ఇస్తారు. ఐదూ కలిపితే నూరు రావాలి. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో బేసోఫిల్స్ చాలా తక్కువ, సాధారణంగా ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటాయి. అందువల్ల స్లయిడు మీద నూరు కణాలు లెక్కపెట్టినప్పుడు ఒక్క బేసోఫిల్ కూడా కనబడకపోవడం సర్వసాధారణం. ఆగిపోయిన రిపోర్టులన్నింటిలోనూ బేసోఫిల్స్ విలువ సున్నాయే. మెషీన్ నుంచి నేరుగా వచ్చే విలువలు 0.3, 0.5 వంటి దశాంశాలు కాబట్టి అవి ఏ ఇబ్బందీ లేకుండా దాటిపోయాయి; టెక్నీషియన్ మైక్రోస్కోపులో చూసి చేత్తో నమోదు చేసిన పూర్ణాంకాలు మాత్రమే చిక్కుకున్నాయి. ఈ కారణం చేతనే అందరి అనుమానమూ మొదట నమోదు స్క్రీన్ మీదికి వెళ్లింది, అక్కడ వెతికిన సమయమంతా వృథా అయింది.

ఐదు విలువల మొత్తం నూరు అవుతోందా లేదా అన్న తనిఖీ ఈ లోపాన్ని ఎందుకు పట్టుకోలేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. సున్నాను కలిపినా వదిలేసినా మొత్తం మారదు కాబట్టి ఆ తనిఖీ ఎప్పటిలాగే సరేనన్నది. ఐదు భాగాలూ వచ్చాయా అన్న మరో తనిఖీ మాత్రం నాలుగే కనబడడంతో రిపోర్టును ఆపేసి, ఐదో విలువ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

చెకర్ చూసినది, చూడనిది

పైథాన్‌లో టైప్ సూచనలకు ప్రమాణంగా నిలిచిన పెప్ 484 పత్రం 2015లో పైథాన్ 3.5తో పాటు అమల్లోకి వచ్చింది. ఒక విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పడానికి అందులో ‘ఆప్షనల్’ అనే రూపం ఉంది; పైథాన్ 3.10 నుంచి అదే విషయాన్ని టైపు పేరుకూ, ‘విలువ లేదు’ అని చెప్పే నన్‌కూ మధ్య నిలువు గీత పెట్టి రాయవచ్చు. మైపై అనే టైప్ చెకర్ తొలి వెర్షన్లలో నన్‌ను ఏ టైపులోనైనా ఇమిడే విలువగా భావించేది కాబట్టి, లేని విలువను వాడే చోట్లు దానికి తప్పుగా కనబడేవి కావు. 2018లో వచ్చిన 0.600 వెర్షన్ నుంచి ఆప్షనల్ విషయంలో కఠినమైన తనిఖీ డిఫాల్ట్ అయింది. ఈ సంస్థ కోడ్‌లో ఆ తనిఖీని సెట్టింగ్ ద్వారా చాలాకాలం నిలిపివేసి ఉంచారు. దాన్ని తెరిచిన రోజున ఫలితాల మాడ్యూల్ నిండా ఒకే రకమైన ఫిర్యాదులు వచ్చాయి: ఎడమవైపు నన్ ఉండే అవకాశముంది, దాన్ని సంఖ్యతో పోల్చలేవు.

ఆ ఫిర్యాదులు న్యాయమైనవే. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ఉన్న ట్యూబులో రక్తం గడ్డకట్టి ఉంటే మెషీన్ విలువ ఇవ్వదు. కొన్ని మెషీన్లు అంకెల స్థానంలో గీతలు పంపుతాయి. వచ్చిన టెక్స్ట్‌ను విలువగా మార్చే పార్సర్ అటువంటి చోట నన్ తిరిగి ఇస్తుంది. పైథాన్ 3లో నన్‌ను సంఖ్యతో పోల్చితే టైప్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాము ఆగుతుంది. పాత కోడ్ అప్పుడప్పుడూ రాత్రిపూట అలా ఆగేది కూడా. ఆ ఫిర్యాదులను తీర్చడానికి ప్రతిచోటా పోలికకు ముందు ‘ఇఫ్ వాల్యూ’ (విలువ ఉంటే) అన్న ఒక పంక్తి చేర్చారు. చెకర్ ఊరుకుంది. నన్ వచ్చినప్పుడు ప్రోగ్రాము ఆగడం మానేసింది. అదే పంక్తి సున్నాను కూడా పక్కకు నెట్టింది, ఎందుకంటే పైథాన్‌లో సంఖ్యగా సున్నా, ఖాళీ స్ట్రింగ్, ఖాళీ జాబితా ఇవన్నీ షరతులో అబద్ధం కిందే లెక్క.

ఇక్కడ చెకర్ పొరపాటు ఏదీ లేదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. టైపును కుదించడం అంటే ఏమిటో చూస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది. చెకర్ ప్రోగ్రామును నడపదు. కోడ్‌లోని ప్రతి దారినీ అనుసరిస్తూ, ఒక షరతు దాటిన తర్వాత ఆ పేరుకు ఏ ఏ టైపులు మిగిలి ఉండగలవో లెక్క కడుతుంది. ‘ఫ్లోట్ (దశాంశ సంఖ్య) లేదా నన్’ అని ప్రకటించిన పేరు మీద ‘ఈజ్ నాట్ నన్’ (నన్ కాదా) అని అడిగితే నిజమైన దారిలో ఫ్లోట్ మాత్రమే, అబద్ధమైన దారిలో నన్ మాత్రమే మిగులుతాయి. ‘ఇఫ్ వాల్యూ’ అని మాత్రమే అడిగితే నిజమైన దారిలో ఫ్లోట్ మిగులుతుంది, అది సరైనదే. అబద్ధమైన దారిలో మాత్రం ‘ఫ్లోట్ లేదా నన్’ అలాగే నిలిచి ఉంటుంది. చెకర్ లెక్కగట్టిన టైపును చూపించే రివీల్ టైప్ అనే సాధనాన్ని రెండు దారుల్లోనూ పెట్టి చూస్తే ఈ తేడా కళ్లెదుట కనబడుతుంది. సంఖ్య అబద్ధమైన దారిలోకి కూడా వెళ్లగలదని చెకర్ అక్కడ తెలియజేస్తూనే ఉంది. ఆ దారిలో ఎవరూ విలువను వాడలేదు కాబట్టి ఫిర్యాదు చేయవలసిన సందర్భం దానికి రాలేదు.

నేను బృందానికి పెట్టిన మొదటి నియమం ఇందులోంచే వచ్చింది. షరతు రాసిన ప్రతిసారీ నిజమైన దారిలో ఏమి మిగిలిందో చూసి తృప్తి పడకూడదు, అబద్ధమైన దారిలోకి ఏమేమి వెళుతున్నాయో చూడాలి. ల్యాబ్‌లోని పాథాలజిస్టు డాక్టరుగారికి ఈ సమస్యను వివరించినప్పుడు ఆవిడ అన్నమాట ఆ నియమానికి సరిగ్గా అతికింది: “బేసోఫిల్స్ సున్నా అంటే మేము చూడలేదని కాదండీ. చూశాం, ఒక్కటీ కనబడలేదు. చూడకపోతే అసలు ఏమీ రాయం.” డేటాబేస్‌లో ఈ రెండింటికీ వేర్వేరు విలువలున్నాయి, పార్సర్‌లో ఉన్నాయి, టైపులో ఉన్నాయి. వాటిని కలిపేసింది ఆ ఒక్క షరతే.

ఫలితాల మాడ్యూల్‌లో షరతులన్నింటినీ ‘ఈజ్ నాట్ నన్’ రూపంలోకి మార్చాం. దానితోపాటు ‘ఆర్’ పదంతో డిఫాల్ట్ విలువ ఇచ్చే అలవాటును కూడా తీసివేయవలసి వచ్చింది. డిస్కౌంట్ ఉంటే అది, లేకపోతే ప్యాకేజీలోని మామూలు డిస్కౌంట్ అన్న ఉద్దేశంతో ‘ఆర్’ వాడిన చోట, కౌంటర్‌లో కావాలని సున్నా డిస్కౌంట్ నమోదు చేసినా ప్యాకేజీ డిస్కౌంటే వర్తిస్తుండేది. ఇది కూడా టైపు పరంగా నిర్దోషమైన కోడే. సంస్థ వెబ్ స్క్రీన్లు టైప్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి; అక్కడ రెండు నిలువు గీతల గుర్తు ఇదే విధంగా సున్నాను మింగుతుంది కాబట్టి, 2019లో టైప్‌స్క్రిప్ట్ 3.7తో వచ్చిన రెండు ప్రశ్నార్థకాల గుర్తును వాడమన్నాం. అది నల్‌నూ అన్‌డిఫైన్డ్‌నూ మాత్రమే లేనివిగా చూస్తుంది. కోడ్‌లో పొరపాట్లు వెతికే టైప్‌స్క్రిప్ట్ ఈఎస్‌లింట్‌లోని స్ట్రిక్ట్ బూలియన్ ఎక్స్‌ప్రెషన్స్ నియమం, నల్ కాగల సంఖ్యను షరతులో నేరుగా పెడితే డిఫాల్ట్‌గానే అభ్యంతరం చెబుతుంది. దాన్ని ఆన్ చేశాం. మైపైలో ఈ పనికి సరిపడే తనిఖీ మాకు దొరకలేదు. అందువల్ల ఫలితాలు, బిల్లింగ్ ఫోల్డర్లలో షరతు స్థానంలో ఒట్టి పేరు కనబడితే బిల్డ్‌ను ఆపే చిన్న స్క్రిప్టును కోడ్ నిర్మాణాన్ని చదివే, పైథాన్‌లోని ఏఎస్‌టీ మాడ్యూల్‌తో రాశాం. దానికి టైపులు తెలియవు కాబట్టి బూలియన్ పేర్లను కూడా పట్టుకుంటుంది. ఆ రెండు ఫోల్డర్ల వరకు ఆ కాస్త ఇబ్బందిని భరించడం నాకు సమ్మతమే.

తనిఖీకీ వాడకానికీ మధ్య

రెండో సమస్య బుకింగ్‌ల మాడ్యూల్‌లో ఉంది. ప్రతి బుకింగ్‌కూ ఒక ఫ్లెబాటమిస్టును (ఇంటికి వెళ్లి రక్తం తీసే వ్యక్తిని) కేటాయిస్తారు. కేటాయించే వరకు ఆ ఫీల్డ్ నన్. కూకట్‌పల్లిలో ఉన్న మనిషికి దిల్‌సుఖ్‌నగర్ బుకింగ్ పడితే డెస్కులో ఉన్నవారు దాన్ని రద్దు చేసి మరొకరికి ఇస్తారు, ఆ మధ్యలో ఫీల్డ్ మళ్లీ కొద్దిసేపు నన్ అవుతుంది. కస్టమర్‌కు మెసేజ్ పంపే ఫంక్షన్ ముందుగా ఫ్లెబాటమిస్టు ఉన్నారో లేదో చూసి, తర్వాత డేటాబేస్ నుంచి బుకింగ్‌ను తాజాగా తెచ్చుకునే మెథడ్‌ను పిలిచి, ఆపై ఫ్లెబాటమిస్టు ఫోన్ నంబరును వాడేది. తాజా సమాచారంలో ఆ ఫీల్డ్ నన్ అయిన సందర్భాల్లో ప్రోగ్రాము అక్కడే పడిపోయేది.

చెకర్ దీన్ని పట్టుకోదు. ఆబ్జెక్టులోని ఫీల్డ్ మీద తనిఖీ చేసినప్పుడు మైపై గానీ, మరో చెకర్ పైరైట్ గానీ ఆ ఫీల్డ్ టైపును కుదిస్తాయి. ఆ ఫీల్డ్‌కు గానీ దాన్ని కలిగిన పేరుకు గానీ కొత్త విలువ ఇచ్చేవరకు ఆ కుదింపు నిలిచి ఉంటుంది. మధ్యలో పిలిచిన మెథడ్ లోపల ఫీల్డ్ మారవచ్చునన్న సంగతిని అవి ఉద్దేశపూర్వకంగానే విస్మరిస్తాయి. ప్రతి మెథడ్ పిలుపు తర్వాతా కుదింపును రద్దు చేస్తే మామూలు కోడ్ అంతా ఫిర్యాదులతో నిండిపోతుంది కాబట్టి ఈ రాజీ నాకు అర్థమవుతుంది. ఇతర భాషలు వేరే దారి ఎంచుకున్నాయి. కోట్లిన్‌లో మార్చడానికి వీలున్న ప్రాపర్టీ మీద స్మార్ట్ కాస్ట్ (అక్కడి టైపు కుదింపు) కుదరదు, కంపైలర్ తిరస్కరిస్తుంది. డార్ట్‌లో స్థానిక పేర్ల మీద మాత్రమే ఉన్న ఈ సదుపాయం 2023లో 3.2 వెర్షన్‌తో ఫీల్డ్‌లకు విస్తరించింది, అదీ ప్రైవేటుగానూ ఫైనల్‌గానూ ఉన్నవాటికే. పైథాన్‌లో ఆ భద్రత లేదు కాబట్టి క్రమశిక్షణ మన వైపు నుంచే రావాలి.

పరిష్కారం చిన్నదే. ముందు బుకింగ్‌ను తాజా చేసుకుని, ఫ్లెబాటమిస్టును ఒక స్థానిక పేరులోకి తీసుకుని, ఆ పేరు మీదే తనిఖీ చేసి, ఆ పేరునే వాడాలి. ఆబ్జెక్టు లోపల ఏమి జరిగినా స్థానిక పేరు సూచించేది మారదు, చెకర్ లెక్కా వాస్తవమూ ఒకటే అవుతాయి. అసింక్ కోడ్‌లో (ఒక పని ఆగి ఎదురుచూస్తుండగా మరొకటి నడిచే కోడ్‌లో) దీని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రతి అవైట్ దగ్గరా నియంత్రణ మరొక పని చేతికి వెళ్లి, అదే ఆబ్జెక్టును మార్చి తిరిగి రావచ్చు. అవైట్‌కు ముందు చేసిన తనిఖీని అవైట్ తర్వాత నమ్మే కోడ్‌ను నేను రివ్యూలో ఇప్పుడు ఆమోదించను. లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు), లోపలి ఫంక్షన్ల విషయంలో చెకర్లు కాలక్రమంలో మెరుగుపడ్డాయి: ఆ పేరుకు తర్వాత ఎక్కడా కొత్త విలువ ఇవ్వకపోతే కుదింపును లోపలికి కూడా తీసుకెళతాయి. ఈ కోడ్‌లో ఆ తరహా చోట్లు పెద్దగా లేవు.

జంటగా ఉండి, జంటగా లేని విలువలు

నా దృష్టిలో ఈ పని మొత్తంలో అత్యంత విలువైన మార్పు శాంపిల్ క్లాసులో జరిగింది. ఆ క్లాసులో సేకరించిన సమయం, సేకరించిన వ్యక్తి, ట్యూబు మీది బార్‌కోడ్ అనే మూడు ఫీల్డ్‌లు ఆప్షనల్. వాస్తవంలో మూడూ కలిసే వస్తాయి: ఫ్లెబాటమిస్టు రక్తం తీసి బార్‌కోడ్ స్కాన్ చేసిన క్షణంలోనే మూడూ నిండుతాయి, అంతకు ముందు మూడూ ఖాళీ. ఈ సంగతి బృందంలో అందరికీ తెలుసు, టైపుకు మాత్రం తెలియదు. విడివిడిగా ఆప్షనల్ అయిన మూడు ఫీల్డ్‌లకు టైపు ప్రకారం ఎనిమిది కలయికలు సాధ్యం, వాటిలో అర్థవంతమైనవి రెండే. బార్‌కోడ్ నన్ కాదని తనిఖీ చేసినంత మాత్రాన సమయం టైపు కుదించబడదు, ఎందుకంటే ఆ రెండింటికీ సంబంధం ఉందని చెకర్‌కు ఎవరూ చెప్పలేదు.

ఫలితంగా కోడ్ అంతటా, ‘ఇది నిజం కాకపోతే ఆగిపో’ అని చెప్పే ‘అసర్ట్’ పంక్తులు పరుచుకున్నాయి. ఒకటి తనిఖీ చేసి మిగిలిన రెండింటి మీద అసర్ట్ రాయడం ఆచారమైపోయింది. అసర్ట్‌తో టైపు కుదించబడే మాట నిజమే, ఒక్కోసారి అది సరైన సాధనం కూడా. అయితే పైథాన్‌ను ఆప్టిమైజేషన్ ఆప్షన్‌తో నడిపితే అసర్ట్‌లు అమలు కావు. చెకర్ దృష్టిలో ఉన్న తనిఖీ నడిచే ప్రోగ్రాములో ఉండదు. కొన్ని చోట్ల, ‘ఈ విలువ ఈ టైపుదే అనుకో’ అని చెకర్‌కు చెప్పే ‘కాస్ట్’ వాడారు. అది అంతకంటే బలహీనం, ఎందుకంటే కాస్ట్ అమలులో ఏ పనీ చేయదు, ఇచ్చిన విలువనే తిరిగి ఇస్తుంది. ఇంకొన్ని చోట్ల ఫిర్యాదును అణచివేసే టైప్ ఇగ్నోర్ కామెంట్లు ఉన్నాయి. ఈ మూడింటినీ కోడ్‌లో వెతికితే అవన్నీ ఒకే నాలుగైదు క్లాసుల చుట్టూ గుమిగూడి ఉన్నాయి. నాకు ఆ గుంపే అసలైన సమాచారం. ఏ క్లాసు చుట్టూ అసర్ట్‌లు పేరుకుంటాయో ఆ క్లాసు ఆకారం వాస్తవానికి సరిపోవడం లేదని అర్థం.

శాంపిల్ క్లాసును రెండుగా విడదీశాం. ‘ఎదురుచూస్తున్న శాంపిల్’లో ఆ మూడు ఫీల్డ్‌లు అసలే లేవు. ‘సేకరించిన శాంపిల్’లో మూడూ ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా ఆప్షనల్ కాదు. సేకరించే ఫంక్షన్ మొదటిదాన్ని తీసుకుని రెండోదాన్ని ఇస్తుంది. సెంట్రల్ ల్యాబ్ వైపు ఫంక్షన్లన్నీ ‘సేకరించిన శాంపిల్’ను మాత్రమే తీసుకుంటాయి కాబట్టి అక్కడి అసర్ట్‌లన్నీ తొలగిపోయాయి. శాంపిల్ రెండింటిలో ఏది అన్న ప్రశ్న డేటాబేస్ వరుసను చదివి ఆబ్జెక్టుగా మార్చే ఒకే ఒక్క చోట మిగిలింది. అక్కడ బార్‌కోడ్ ఉండి సమయం లేని వరుస కనబడితే స్పష్టమైన ఎర్రర్ ఇచ్చేలా రాశాం. పాత వరుసల్లో నిజంగానే అలాంటివి కొన్ని దొరికాయి. వాటిని ల్యాబ్ సిబ్బందితో కూర్చుని ఒక్కొక్కటిగా సరిచేశాం. మూడు ఆప్షనల్ ఫీల్డ్‌లను అసర్ట్‌లతో కాపాడుకుంటూ వచ్చినంతకాలం ఆ వరుసలు ఎవరి కంటా పడలేదు.

పరీక్ష ఫలితానికి కూడా ఇదే పద్ధతి వర్తింపజేశాం. ‘ఫ్లోట్ లేదా నన్’ స్థానంలో మూడు చిన్న క్లాసులు వచ్చాయి: కొలిచిన విలువ, కారణంతో సహా ‘చేయలేదు’, ఇంకా రాలేదు. మ్యాచ్ స్టేట్‌మెంట్‌తో మూడింటినీ విడదీసి, చివర, ఇక్కడికి ఏ రకమూ చేరకూడదని చెకర్‌కు చెప్పే, పైథాన్ 3.11లో వచ్చిన అసర్ట్ నెవర్‌ను పెట్టాం. రేపు ఎవరైనా నాలుగో రకాన్ని చేర్చితే, దాన్ని పట్టించుకోని ప్రతి ఫంక్షన్‌నూ చెకర్ వేలెత్తి చూపుతుంది. గడ్డకట్టిన శాంపిల్‌కు ఇప్పుడు రిపోర్టు పెండింగ్‌లో ఉండిపోదు. మళ్లీ శాంపిల్ తీసుకోవాలన్న సమాచారం డెస్కుకు వెంటనే వెళుతుంది. ఈ విడదీతకు అయిన శ్రమ తక్కువేమీ కాదు, ప్రతి ఆప్షనల్‌కూ ఇలా చేయమని నేను చెప్పను. రోగి చిరునామాలో ల్యాండ్‌మార్క్ ఉండవచ్చు, లేకపోవచ్చు. దానికి మామూలు ఆప్షనలే సరిపోతుంది.

పార్సర్ దగ్గర మిగిలిన పని

టైపులు ఇంత శుభ్రపడిన తర్వాత కూడా చెకర్‌కు కనబడని ఒక చోటు ఉంది. అది బయటి టెక్స్ట్‌ను విలువగా మార్చే పార్సర్. మూత్ర పరీక్షలో ఆల్బుమిన్, షుగర్ లేకపోతే టెక్నీషియన్లు ‘నిల్’ అని రాస్తారు. పాత పార్సర్ ఖాళీ టెక్స్ట్‌నూ, గీతనూ, నిల్‌నూ ఒకే జాబితాలో పెట్టి మూడింటికీ నన్ ఇచ్చేది. తిరిగి ఇచ్చే టైపు ‘స్ట్రింగ్ లేదా నన్’ అని సరిగ్గానే రాసి ఉంది, దాన్ని వాడే ప్రతిచోటా ‘ఈజ్ నాట్ నన్’ తనిఖీ ఉంది, చెకర్ దృష్టిలో ఎక్కడా లోపం లేదు. అయినా ఆల్బుమిన్ లేదని తేలిన రోగి రిపోర్టులో ఆ పరీక్ష చేయనట్టు కనబడేది. టైపు కుదింపు తనకు అందిన విలువల మీదే పనిచేస్తుంది. తేడా అంతకు ముందే చెరిగిపోయి ఉంటే దాన్ని తిరిగి తేలేదు.

మెషీన్ల నుంచి వచ్చే హెచ్‌ఎల్7 (వైద్య సమాచార మార్పిడికి వాడే ప్రమాణం) రెండో వెర్షన్ సందేశాల్లోనూ ఇటువంటి సూక్ష్మం ఉంది. ఫీల్డ్ పూర్తిగా ఖాళీగా ఉంటే ఆ విషయం గురించి ఏమీ చెప్పలేదని అర్థం. రెండు జంట కొటేషన్ గుర్తులు మాత్రమే ఉంటే పాత విలువను తొలగించమని స్పష్టంగా చెప్పినట్టు. రెండింటినీ నన్‌గా మార్చితే ఆ ఆదేశం పోతుంది. పార్సర్‌ను తిరగరాసి, ప్రతి పరీక్షకూ ల్యాబ్ నిజంగా వాడే పదాలను డాక్టరుగారితో కలిసి పట్టికగా తయారుచేశాం. పట్టికలో లేని టెక్స్ట్ వస్తే పార్సర్ ఇప్పుడు నన్ ఇవ్వదు, ఆ ఫలితాన్ని మనిషి చూసే వరుసలోకి పంపుతుంది. సున్నా, నిల్, ఖాళీ, గీత, జంట కొటేషన్లు ఈ ఐదింటికీ విడివిడిగా టెస్టులు ఉన్నాయి. టైప్ ఇగ్నోర్ కామెంట్లలో అవసరం తీరినవాటిని చూపించే మైపై సెట్టింగ్‌ను కూడా ఆన్ చేశాం. బిల్లింగ్ ఫోల్డర్‌లో ఆ కామెంట్లు ఇంకా కొన్ని ఉన్నాయి, రీఫండ్ క్లాసును శాంపిల్ క్లాసు మాదిరిగా విడదీసినప్పుడు అవి కూడా పోతాయి.